కాలువ గట్టు మీది చేమ కోసుకోవచ్చా?

ప్రశ్న: మాది కోనసీమ. పదేళ్ళుగా బెంగళూరులో, కె.ఆర్.పురం వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మామగారు పోయాక అత్తగారు మా దగ్గరికి వచ్చేశారు. మా ప్రహరీ వెనకే రాజకాలువ (వాననీరు పోయే పెద్ద కాలువ) ఉంది. వానలు పడ్డాక దాని గట్టంతా చేమ ఏపుగా లేచింది. మొన్న ఒక ఉదయం ఆవిడ వాచ్‌మన్ చేత తవ్వించి సంచెడు దుంపలు, కట్టెడు ఆకులు తెచ్చారు. దుంపలు పులుసు పెట్టారు, ఆకు పప్పులో వేశారు. మా ఇద్దరికీ నోరు కాస్త చురచురలాడింది. ఆరేళ్ళ మా పాప మాత్రం రెండు ముద్దలు తినగానే గొంతు పట్టుకుని ఏడ్చింది, పెదవులు ఎర్రబడ్డాయి. గంటన్నరకు సర్దుకుంది. మా వారు “పిచ్చిమొక్కలు వండి పెడతావా అమ్మా” అని పని మనిషి ముందే కేకలేశారు. ఆ రోజు నుంచి అత్తగారు వంటింట్లో అడుగు పెట్టడం లేదు. “చిన్నప్పటి నుంచీ తిన్నదే కదమ్మా, నాకు చేమ తెలియదా” అని నాతో ఒక్కసారి అన్నారు, అంతే. అది చేమేనా, విషపు మొక్కా? మిగిలిన దుంపలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, ఏం చేయమంటారు? రెండేళ్ళ కిందట మా వారికి కిడ్నీలో రాయి వచ్చింది. ఆయన చేమ తినవచ్చా? — ఒక కోడలు, బెంగళూరు

జవాబు: అమ్మా, పాప గంటన్నరలో సర్దుకుందని రాశారు కాబట్టి ముందు మీ మనసు కుదుటపరచుకోండి. ఒక పూట తిన్న రెండు ముద్దల గురించి రాత్రులు నిద్ర మానుకోనక్కర్లేదు. మళ్ళీ ఎప్పుడైనా ఇలా జరిగితే నోరు బాగా పుక్కిలింపించి, చల్లని పాలో పెరుగో కొద్దికొద్దిగా తాగించండి. వాంతి చేయించవద్దు. నాలుక గాని గొంతు గాని వాచినా, లాలాజలం మింగలేక కారిపోతున్నా, ఊపిరి అందకపోయినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

అది చేమేనా అని అడిగారు. మొక్క నా కళ్ళ ముందు లేదు గాని, కోనసీమ కొబ్బరితోటల్లో కందా చేమా మధ్య పెరిగిన మనిషి చేమను పోల్చుకోవడంలో పొరబడే అవకాశం చాలా తక్కువ. అయినా మీరు కూడా నేర్చుకోండి, ఎందుకంటే బెంగళూరులో చేమను పోలిన మొక్కలు ప్రతి ఆఫీసు ముందూ, ప్రతి అపార్ట్‌మెంట్ పూలమడిలోనూ ఉన్నాయి. ఆకును వెనక్కి తిప్పి, కాడ ఎక్కడ కలిసిందో చూడండి. చేమకు కాడ ఆకు చీలిక దగ్గర అతకదు. అక్కడి నుంచి కొంచెం లోపలికి, గొడుగు కర్ర గుడ్డకు ఆనినట్టు ఆకు అడుగున ఆనుతుంది. ఆకు కొన నేల వైపు వాలి ఉంటుంది. పైన నాలుగు నీటిచుక్కలు పోస్తే అంటకుండా ముత్యాల్లా దొర్లిపోతాయి. అలంకరణకు పెంచే అలొకేసియా ఆకు చాలా రకాల్లో పైకి నిక్కి చూస్తుంది, నిగనిగలాడుతుంది, ముదిరిన మొక్కకు కాడ చీలిక దగ్గరే కలుస్తుంది. అది కూరకు పనికిరాదు. ఆకు మీద గులాబీ రంగు, తెలుపు మచ్చలుండే కెలాడియంతో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. దానికి కాడ చేమకు కలిసినట్టే కలుస్తుంది కాబట్టి కాడ గుర్తు అక్కడ పనిచేయదు. రంగులున్న ఆకు ఏదైనా సరే వంటింట్లోకి రాకూడదన్న నియమం పెట్టుకుంటే చాలు.

మరి అది చేమే అయితే పాప గొంతు ఎందుకు మండింది? నేను కాలేజీలో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పాను. ఏటా పిల్లల చేత తప్పకుండా చేయించిన పని ఒకటుంది. చేమ కాడలోంచి ఉల్లిపొర అంత పలుచని ముక్క కోయించి, నీటిచుక్కలో పెట్టించి, సూక్ష్మదర్శిని కింద చూపించేదాన్ని. పచ్చని కణాల మధ్య అక్కడక్కడా అగ్గిపుల్లల కట్టల్లాంటివి కనబడతాయి. రెండు కొసలూ మొనదేలిన సూదులు, ఒక్కో కట్టలో లెక్కలేనన్ని. అవి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. కణం చితికిందంటే ఆ సూదులు బయటికి వచ్చి నాలుకలో, పెదవిలో, దుంప చెక్కే వేళ్ళలో దిగుతాయి. పశువు రెండోసారి మూతి పెట్టకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు అది. కందా చేమా ఒకే కుటుంబం. “కందకు లేని దురద కత్తిపీటకెందుకు” అన్న సామెత పుట్టించిన వాళ్ళు ఆ దుంప కోసి చేతులు గోక్కున్న వాళ్ళే.

ఈ సూదులు పెంచిన చేమలో తక్కువ, దానంతట అది పెరిగిన చేమలో ఎక్కువ. శాస్త్రం రెంటినీ కొలకేసియా ఎస్కులెంటా అనే పిలుస్తుంది గాని, నోటికి తేడా తెలుస్తుంది. మన పెరటి చేమకు కింద ఒక తల్లి దుంప, దాని చుట్టూ గుండ్రంగా పిల్ల దుంపలు వస్తాయి. వేల ఏళ్ళుగా మనుషులు దురద తక్కువున్న వాటినే దాచి మళ్ళీ నాటుకుంటూ రావడం వల్ల దాని దురద తగ్గింది. కాలువల్లో అడవిగా పెరిగే చేమ బురద మీద తీగల్లా పిలకలు పాకిస్తూ పోతుంది. దుంప చిన్నది, పీచెక్కువ, ఘాటెక్కువ. మీ అత్తగారు ఊరి చేమకు సరిపోయే చింతపండు, సరిపోయే ఉడుకు పెట్టి ఉంటారు. ఈ చేమకు అది చాలలేదు. పెద్దవాళ్ళ నోరు ఓర్చుకుంది, పాప నోరు ఓర్చుకోలేదు. వంట చేతకాక జరిగిన పొరపాటు కాదిది.

అయితే అమ్మా, నాకు అసలు కలవరం ఈ దురద గురించి కాదు. దురద పిలవకుండానే వచ్చి చెప్పే హెచ్చరిక. తెలిసిపోతుంది, తగ్గిపోతుంది. ఏ రుచీ లేకుండా, ఏ మంటా పుట్టించకుండా ఆ దుంపలో చేరే వాటి గురించి చెప్పాలి.

మా అమ్మమ్మ ఇంట్లో చేమ ఎక్కడ ఉండేదో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నూతి పళ్ళెం పక్కన అంట్లు తోమే బండ, ఆ బండ నుంచి చిన్న పిల్లకాలువ, ఆ కాలువ ఆగే చోట చేమ మడి. అంట్లు తోమిన నీళ్ళు, బియ్యం కడుగు, స్నానాల నీళ్ళు అన్నీ అందులోకే. చేమకు నీరు కావాలి, ఎరువు కావాలి. వాడేసిన నీళ్ళలో రెండూ ఉంటాయి. మీ అత్తగారి ఇంట్లోనూ ఇలాగే ఉండి ఉంటుంది, ఒకసారి అడిగి చూడండి. మురుగు పారే చోట చేమ బాగా వస్తుందన్నది ఆ తరం ఆడవాళ్ళు కళ్ళారా చూసి తెలుసుకున్న నిజం. కానీ ఆ నీళ్ళలో ఏముండేవి? బూడిద, చింతపండు పిప్పి, కుంకుడు రసం, మెతుకులు. అవన్నీ మట్టిలో కలిసి మట్టే అయ్యేవి.

మీ ప్రహరీ వెనక పారేది ఆ నీరు కాదు. బెంగళూరు చెరువులన్నీ ఒకప్పుడు గొలుసుకట్టుగా ఉండేవి. పై చెరువు నిండితే పొర్లిన వాననీరు కాలువ వెంట కింది చెరువుకు చేరేది. రాజకాలువలు అందుకోసం ఏర్పడ్డవి. ఊరు పెరిగి మురుగు గొట్టాలు వాటిలోకి తిరిగాక, వానలేని రోజుల్లో కూడా అవి పారుతూనే ఉన్నాయి. పారేదంతా ఇళ్ళ మురుగు, బట్టల సబ్బునీరు, గ్యారేజీల నూనె, లోహపు పూతలు వేసే చిన్న కార్ఖానాలు వదిలే నీరు. ఇలాంటి నీరు చేరిన బెళ్ళందూరు చెరువులో 2015 మేలో నురగ అంటుకుని మండింది. 2017 ఫిబ్రవరిలో మళ్ళీ మంటలు లేచాయి. 2018 జనవరిలోనైతే ఆర్పడానికి సైనికులు దిగవలసి వచ్చింది. ఊరికి అటు వైపు పీణ్య పారిశ్రామికవాడ మురుగు మోసే వృషభావతి నది కథ కూడా ఇంతే. నీళ్ళు మండే ఊరిలో ఉన్నాం మనం. మీ కాలువలో సరిగ్గా ఏ విషం ఎంత ఉందో పరీక్ష చేయిస్తే గాని తెలియదు. ఆ పరీక్ష చేయించి మరీ పులుసు పెట్టుకోవలసిన అవసరమూ మనకు లేదు.

చేమ గుణం ఇక్కడ మనకు ఎదురు తిరుగుతుంది. బురదలో ఉన్నదాన్ని పీల్చుకోవడంలో అది ఎంత గట్టిదంటే, మురుగునీటిని శుభ్రం చేయడానికి కట్టే కృత్రిమ చిత్తడి మడుగుల్లో దాన్ని పనిగట్టుకుని నాటుతారు. సీసం, కాడ్మియం, క్రోమియం వంటి లోహాలు నీటిలో ఉంటే వేరులోకి, దుంపలోకి, ఎంతో కొంత ఆకులోకి ఎక్కుతాయి. మురుగులోని సూక్ష్మక్రిములు ఉడికిస్తే చస్తాయి. సీసం మాత్రం ఎంత ఉడికించినా, ఎన్ని నీళ్ళు వంపేసినా, ఎంత పులుపు పోసినా దుంపను పూర్తిగా వదలదు. పిల్లల మెదడు ఎదుగుదలకు అది చేసే హాని గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగానే చెబుతోంది: ఇంత వరకు ఫరవాలేదు అనదగ్గ మోతాదు లేదని. ఒక పూట తిన్నందుకు కాదు నా భయం. ఈ గట్టు చేమ రుచి మరిగి వానకాలమంతా వారానికి రెండుసార్లు వండుకోవడం అలవాటైతేనే భయం. ఫ్రిజ్‌లోని దుంపలు పారేయండి. కుండీలో కూడా నాటవద్దు, కంపోస్టులో వేయవద్దు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. నా మనసంతా అక్కడే ఉంది.

మీ అత్తగారు ఊళ్ళో ఏ ఆసుపత్రి వెనక గుంటలోనో, ఏ కార్ఖానా గొట్టం దగ్గరో చేమ తవ్వి తెచ్చేవారా? తెచ్చి ఉండరు. ఎక్కడిది కోయాలో, ఎక్కడిది ముట్టకూడదో ఆవిడకు ఊరు నేర్పింది. ఈ ఊరు ఆవిడకు కొత్త. వానకు కడిగిన రాజకాలువ పైకి చూడ్డానికి వాగులాగే ఉంటుంది, గట్టంతా పచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనం చూసి ఎన్ని నెలలకో ఆవిడ ప్రాణం లేచి వచ్చి ఉంటుంది. భర్త పోయి, ఊరు వదిలి, ఎనిమిదో అంతస్తో తొమ్మిదో అంతస్తో తెలియని ఇంటికి వచ్చిన మనిషి, “ఇది నాకు తెలుసు” అనుకోగలిగిన మొదటి వస్తువు బహుశా ఆ ఆకే. మీ వారు బిడ్డ ఏడుపు చూసి కంగారులో అరిచారు, అది అర్థం చేసుకోదగ్గదే. కానీ పరాయి మనిషి ముందు ఆయన కొట్టిపారేసినది ఒక కూరను కాదు, డెబ్బై ఏళ్ళ తెలివిని. ఆ మాట ఆయనే వెనక్కి తీసుకోవాలి. మీరు మధ్యవర్తిత్వం చేయవద్దు. “అమ్మా, నువ్వు తెచ్చింది చేమే. నేను తొందరపడ్డాను. తప్పు ఈ కాలువ నీళ్ళది” అని ఆయన నోటితో చెప్పాలి, పని మనిషి ఇంట్లో ఉన్నప్పుడే చెప్పాలి.

ఆ తర్వాత ఒక సాయంత్రం మీరూ అత్తగారూ కాలువ వెంట ఎగువకు నడవండి. ఎంతో దూరం పోనక్కర్లేదు, ఏదో ఒక గొట్టం నల్లని నీరు కక్కుతూ కనిపిస్తుంది. మీరేమీ ఉపన్యాసం చెప్పకండి, ఆవిడను చూడనివ్వండి. ఒక చేమ మొక్కను పీకి వేరు దగ్గరి బురద వాసన చూడమనండి. పొలం మట్టి వాసన తెలిసిన ముక్కుకు అది చాలు. “ఇక్కడిది మనం తినకూడదమ్మా” అని ఆవిడే మీతో అంటారని నా నమ్మకం.

ఇంటికి వచ్చాక ఆవిడకు ఒక మడి ఇవ్వండి. బాల్కనీలో సగం పూట ఎండ తగిలే చోట అడుగున్నర వెడల్పు, అంతే లోతు ఉన్న టబ్బు చాలు, అడుగున నీరు పోయే రంధ్రాలుండాలి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు సమానంగా, కొంచెం కొబ్బరి పొట్టు కలపండి. విత్తనం కోసం ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. కూరగాయల దుకాణంలో “కెసువిన గెడ్డె” అని అడిగితే ఇచ్చేది మన చేమదుంపే. అందులో మొలక కళ్ళు తేలిన గట్టి పిల్ల దుంపలు రెండు ఏరి, మొలక పైకి ఉండేలా రెండు మూడు అంగుళాల లోతున పెట్టండి. ఇక్కడి చలికి చేమ ముడుచుకుపోతుంది కాబట్టి మే, జూన్ నెలలు నాటడానికి మంచివి. ఇప్పుడే పెట్టినా మొక్క బతుకుతుంది, కాస్త నెమ్మదిగా లేస్తుంది. మట్టి ఎండకూడదు. అలాగని కింది పళ్ళెంలో నీళ్ళు నిలవనిస్తే డెంగీ దోమలు చేరతాయి. రెండు నెలలకు లేత ఆకులు కోసుకోవచ్చు, మొక్కకు మూడు నాలుగు ఆకులు వదిలి. ఆరేడు నెలలకు ఆకులు పసుపు తిరిగి వాలినప్పుడు దుంపలు తవ్వుకోవచ్చు. ముసురు పట్టిన రోజుల్లో ఆకు మీద నీరు నానినట్టు మచ్చలు లేచి వలయాలుగా పెరిగితే అది ఆకుమాడు తెగులు. ఆ ఆకులు వెంటనే తీసేయండి, పక్క మొక్కకు గాలి ఆడనివ్వండి. వంటింట్లో బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు ఆ టబ్బులో పోయమని ఆవిడకే అప్పగించండి. అలవాటైన పని, ఈసారి శుభ్రమైన నీళ్ళతో.

ఆకు కోసం అంత ఆగలేకపోతే, వానకాలంలో మల్లేశ్వరం లాంటి పాత బజార్లలో “కెసువిన ఎలె” అని అడిగి చూడండి. మంగళూరు, ఉడుపి వైపు వాళ్ళు ఆ రోజుల్లో పత్రొడె చేసుకుంటారు. నానబెట్టిన బియ్యం, ఎండుమిర్చి, చింతపండు, బెల్లం రుబ్బి ఆకు వెనక పూసి, ఆకు మీద ఆకు పరిచి చాపలా చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. మలెనాడులో అయితే చెట్ల కొమ్మల మీద నాచులో పెరిగే మర కెసు అనే బంధువు మొక్క ఆకు కూడా వాడతారు. దానికి ఏ మురుగుతోనూ పని లేదు. మీ పక్కింట్లో ఆ వైపు వాళ్ళుంటే అత్తగారిని వాళ్ళ వంటింట్లోకి తీసుకెళ్ళండి. భాష రాకపోయినా ఒక ఆకు పట్టుకుని ఇద్దరు పెద్దవాళ్ళు గంట సేపు మాట్లాడుకోగలరు.

వండేటప్పుడు పాటించవలసినవి మీ అత్తగారికి తెలిసినవే, మీ కోసం రాస్తున్నాను. చెక్కే ముందు చేతులకు నూనె రాసుకోండి, లేదా తొక్కతోనే ఉడికించి ఒలవండి. ఉడికించిన నీళ్ళు పారబోయండి, ఎందుకంటే నీటిలో కరిగే ఆక్సలేట్ కొంత ఆ నీళ్ళతోనే పోతుంది. ఆకుకు కాడా లావు ఈనెలూ తీసేసి, పులుపు తగిలించి, మామూలు ఆకుకూర కంటే చాలాసేపు ఉడకనివ్వండి. పాపకు పెట్టే ముందు మీరు చిటికెడు నాలుక మీద పెట్టుకుని ఐదు నిమిషాలు చూడండి. చురుక్కుమంటే మళ్ళీ పొయ్యి మీద పెట్టండి.

మీ వారి సంగతి వేరు. కిడ్నీలో వచ్చే రాళ్ళలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్ రాళ్ళే. ఆయనది ఏ రకమో అప్పటి రిపోర్టు తీసి డాక్టరును అడగండి. అదే రకమైతే చేమ ఆకు ఆయన పళ్ళెంలో వద్దు. దుంప విషయంలో డాక్టరు మాట ప్రకారం నడుచుకోండి. ఎప్పుడైనా కొద్దిగా తినవచ్చని ఆయన అంటే, నీళ్ళు వంపిన దుంప పెరుగన్నంతో తినడం మేలు. పెరుగులోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేసి రక్తంలోకి అంతగా పోనివ్వదు.

టబ్బు పెట్టిన రోజున అత్తగారిని మరొక్క మాట అడగండి. కోనసీమలో చేమదుంపల పులుసుకు కొందరు బెల్లం తగిలిస్తారు, కొందరు వద్దంటారు. ఆవిడ చేయి ఎటో తెలుసుకుని నాకు రాయండి.